ఎడమ చెయ్యి, రెండంగుళాలు

ఇస్త్రీపెట్టె కింద టేపు ఉందన్న సంగతి మాస్టారికి వాసన వచ్చేదాకా తెలియలేదు. వాసన వచ్చాక కూడా అది పక్క టీకొట్లోంచి వస్తోందనుకుని, పాలు మాడ్చేశాడని టీకొట్టువాణ్ణి కాసేపు తిట్టుకున్నారు. తీరా పెట్టె ఎత్తి చూస్తే, అరవై అంగుళాల టేపులో మొదటి రెండంగుళాలు నల్లగా ముడుచుకుపోయి బల్లకు అతుక్కుని ఉన్నాయి. మాస్టారు చలించలేదు. కత్తెర తీసుకుని, సరిగ్గా రెండు అన్న అంకె దగ్గర, వంకరపోకుండా కాలిన ముక్క కత్తిరించి పారేసి, మిగిలిన టేపు మెడలో వేసుకున్నారు.

గోడవారన కూర్చుని కాజాలు కుడుతున్న ఆయన భార్య తలెత్తింది.

"కొత్తది కొనుక్కోండి."

"ఎందుకూ? అరవైలో రెండు పోతే యాభై ఎనిమిది ఉంది. యాభై ఎనిమిది దాటిన నడుము మన గుమ్మం ఎప్పుడైనా తొక్కిందా?"

"నడుము సంగతి కాదండీ. ఇప్పుడది రెండు నుంచి మొదలవుతోంది."

"అయితే ఏం? కొలిచేటప్పుడు రెండు తీసేస్తాను, గుడ్డ మీద గీసేటప్పుడు రెండు కలుపుతాను. నాకా మాత్రం లెక్కలు రావనుకున్నావా?"

ఆవిడ దారం పళ్ళతో పుటుక్కున తెంపింది. ఆవిడ మాట్లాడకుండా దారం తెంపిన ప్రతిసారీ ఆ ఇంట్లో తర్వాత ఏదో ఒకటి జరుగుతూ వచ్చింది. మాస్టారికి ఆ సంగతి తెలుసు. తెలిసీ లెక్కచేయకపోవడాన్నే ఆయన మగతనం అనుకునేవారు.

మాస్టారి దుకాణం ఎనిమిదంతస్తుల ఆఫీసు భవనంలో, కింద, మెట్లకీ లిఫ్టుకీ మధ్య ఇరుక్కుని ఉండేది. రెండు మిషన్లు, ఒక కత్తిరింపుల బల్ల, మూలగా తెర కట్టిన ట్రయలు గది. బయట బోర్డు మీద "కోట్లు, ప్యాంట్లు, యూనిఫారాలు" అనీ, కింద ఎర్ర రంగుతో "మార్పులు ఉచితం" అనీ ఉండేది. మార్పులు ఉచితమే కానీ, మార్పు అవసరమని మాస్టారి చేత ఒప్పించడం బ్రహ్మతరం కాదు. ఆయనకు పని నేర్పిన పెదనాన్న ఒకే ఒక్క మాట చెప్పి పోయాడు: "కుట్టు తప్పిందని ఒప్పుకున్న టైలరూ, ఉప్పెక్కువైందని ఒప్పుకున్న వంటవాడూ ఒకటేరా. మర్నాటి నుంచి గిరాకీ ఉండదు." మాస్టారు ఆ మాటను వేదంలా పట్టుకున్నారు. ప్యాంటు పొట్టిదైందని యాభై ఏళ్ళ గుమాస్తా గోలపెడితే, "మీరింకా ఎదుగుతున్నారండీ, ఒళ్ళు అలాంటిది" అన్న ఘనుడాయన. ఆ గుమాస్తా మురిసిపోతూ వెళ్ళాడు కూడా.

టేపు కాలిన వారానికి లిఫ్టు వచ్చాడు.

లిఫ్టంటే పైకీ కిందకీ తిరిగే పెట్టె కాదు, అందులో స్టూలు మీద కూర్చుని మీటలు నొక్కే కుర్రాడు. ఇరవై రెండేళ్ళుంటాయి. అసలు పేరు ఎవరూ అడగలేదు. పని తక్కువ, నోరు ఎక్కువ. కింద తలుపు మూసిన క్షణం నుంచి ఎనిమిదో అంతస్తులో తలుపు తెరిచేదాకా, మూతి దగ్గర పిడికిలి పెట్టుకుని మాటలకు మాటలు తగిలిస్తూ, తొడ మీద తాళం కొడుతూ, ఊపిరి తీసుకోకుండా అల్లుకుపోయేవాడు. ఎక్కినవాళ్ళు మొదట భయపడ్డారు, తర్వాత అలవాటు పడ్డారు, ఆ తర్వాత ఎదురుచూశారు. ఐదో అంతస్తులో పద్దులు రాసే ఆవిడ ఒకరు, పాట సగంలో ఆగిపోతోందని ఎనిమిదో అంతస్తుదాకా వెళ్ళి, మూడంతస్తులు నడిచి దిగేదట.

"మాస్టారూ, నాకొక కోటు కావాలి. ఆదివారం సాయంత్రం లైబ్రరీ హాల్లో పాడుతున్నాను. మొదటిసారి" అన్నాడు.

"గుడ్డ?"

చంకలోంచి ఒక మూట తీశాడు. మూతపడిన సినిమా హాలు కుర్చీల మీది గుడ్డ. మెరూన్ రంగు, మందం, అక్కడక్కడా మేకుల చిల్లులు. మాస్టారు దాన్ని పరిచి చూసి పెదవి విరిచారు. అసలైతే గుడ్డ మడత పెట్టి రెండు చేతులూ ఒకేసారి కత్తిరిస్తారు. తప్పు జరిగినా రెండింటికీ సమానంగా జరుగుతుంది, ఎవరూ పట్టుకోలేరు. ఈ గుడ్డ మడతకు రాదు. ఒక చెయ్యి ఈ మూల, ఇంకో చెయ్యి ఆ మూల తీయాలి.

కొలిచారు. టేపు ఇరవై ఆరు చూపింది. రెండు తీసేసి, కొలతల పుస్తకంలో కుడి ఇరవై నాలుగు, ఎడమ ఇరవై నాలుగు అని రాసుకున్నారు. శనివారం పొద్దున్నే కత్తిరింపుకు కూర్చున్నారు. కుడి చేతికి రెండు కలిపి ఇరవై ఆరు దగ్గర సుద్దతో గీశారు. సరిగ్గా అప్పుడే లెక్కల టీచరు వచ్చాడు.

లెక్కల టీచరు మాస్టారికి ప్రాణగండం. ప్యాంటు కాళ్ళు రెండూ సమానంగా లేవని మూడోసారి వచ్చాడు, ఈసారి స్కేలుతో. మాస్టారు తప్పు కత్తెరది కాదని, టీచరుగారి నడకదని, ఆయన ఎడంపక్కకు ఒరుగుతారని నిరూపించడానికి పావుగంట పట్టింది. గెలిచి, బల్ల దగ్గరకు తిరిగొచ్చి, గెలిచిన ఊపులో ఎడమ చేతికి ఇరవై నాలుగు దగ్గర గీసి, చరచరా కత్తిరించేశారు.

ఆదివారం మధ్యాహ్నం లిఫ్టు వచ్చి కోటు తొడుక్కున్నాడు. అద్దం ముందు నిలబడి భుజాలు ఎగరేశాడు. తర్వాత ఎడమ మణికట్టు కేసి చూసుకున్నాడు. అది బయటకు పొడుచుకొచ్చి, చలికి వణుకుతున్నట్టు దీనంగా ఉంది.

"మాస్టారూ, ఈ చెయ్యి పొట్టిగా ఉందేంటి?"

మాస్టారికి ఆ క్షణంలోనే అంతా తెలిసిపోయింది. సుద్ద గీత, ఇరవై నాలుగు, కలపని రెండు. చెవులు వేడెక్కాయి. పొరబాటైందిరా అబ్బాయ్ అన్న మాట నాలిక చివరిదాకా వచ్చింది కూడా. కానీ నాలుగోసారి వచ్చిన లెక్కల టీచరు స్టూలు మీద కూర్చుని ఉన్నాడు, కళ్ళజోడు పైనుంచి చూస్తూ.

"చెయ్యి పొట్టి కాదు నాయనా, నీ చెయ్యే పొడుగు" అన్నారు మాస్టారు.

"అంటే?"

"నీ ఎడమ చెయ్యి రెండంగుళాలు ఎక్కువ. కొలిచిన రోజే చూశాను. పెళ్ళి కావలసినవాడివి, చెబితే బాధపడతావని ఊరుకున్నాను."

లెక్కల టీచరు ముందుకు వంగి చూసి, "అవునవును, ఉన్నట్టే ఉంది" అన్నాడు. జీవితంలో ఆయన మాస్టారితో ఏకీభవించింది ఆ ఒక్కసారే.

కుర్రాడు రెండు చేతులూ చూసుకున్నాడు. నవ్వాడు. "ఇన్నాళ్ళూ నాకే తెలీలేదు మాస్టారూ" అని థాంక్స్ చెప్పి మరీ వెళ్ళాడు.  

సాయంత్రం ఆయన లైబ్రరీ హాలుకు వెళ్ళారు. పాట కోసం కాదు, చెయ్యి ఎంత కనిపిస్తుందో చూడటానికి. లోపల పదకొండు మంది ఉన్నారు. వారిలో ఇద్దరు వానకు తలదాచుకోవడానికి వచ్చినవాళ్ళు. మాస్టారు తలుపు వెనక నిలబడ్డారు. లిఫ్టు మైకు పట్టుకుంది ఎడమ చేత్తోనే. మణికట్టు దీపస్తంభంలా వెలిగిపోయింది. మాస్టారు రెండో పాటకే ఇంటికి వచ్చేశారు.

అక్కడితో ఆగితే ఇది కథే కాదు. ఆ కుర్రాడు ఆ రెండంగుళాల మీద పాట కట్టాడు. పాట మీద ఆల్బం కట్టాడు. ఆ ఆల్బం పేరే "రెండంగుళాలు".

పైగా దాన్ని రికార్డు చేసింది మాస్టారి ట్రయలు గదిలోనే. స్టూడియోకు వెళ్ళే తాహతు లేదు, చుట్టూ కోట్లు వేలాడుతుంటే గొంతు మారుమోగదని లిఫ్టు స్నేహితుడెవరో చెప్పాడట. "మీ వల్లే కదా మాస్టారూ నాకీ పాట పుట్టింది, మీ దగ్గరే పాడతాను" అన్నాడు. కాదనడానికి మాస్టారికి నోరెక్కడిది? వరుసగా తొమ్మిది ఆదివారాలు, తొమ్మిది పాటలు. పేరుపాట ముప్ఫై ఒక్కసార్లు పాడితే గానీ లిఫ్టుకు నచ్చలేదు. ముప్ఫై ఒక్కసార్లూ మాస్టారు తెర ఇవతల మిషను ఆపి కూర్చుని విన్నారు:

"చెయ్యి ఇచ్చినోడు రెండంగుళాలు ఎక్కువిచ్చాడు,
గుడ్డ ఇచ్చినోడు రెండంగుళాలు తక్కువిచ్చాడు,
ఆ మధ్యన మిగిలిన మణికట్టే నేను,
చలేస్తే నాకే, సంకెలేస్తే నాకే."

గుడ్డ ఇచ్చినోడు అన్నప్పుడల్లా మాస్టారు తేలు కుట్టిన దొంగలా కదిలేవారు. అలా కదిలినప్పుడు ఒకసారి స్టూలు కిర్రుమంది. ఆ కిర్రు ఆల్బంలో ఉంది.

ఆ తర్వాత సంగతి ఊరంతటికీ తెలుసు. ఆల్బం ఒకరి నుంచి ఒకరికి చేతులు మారి, బస్సుల్లో, హాస్టళ్ళలో, క్షౌరశాలల్లో మోగింది. లిఫ్టు స్టూలు దిగి స్టేజీ ఎక్కాడు, పెద్ద హాళ్ళకు వెళ్ళాడు, ఇంకో నాలుగు ఆల్బంలు చేశాడు. కానీ అభిమానుల్ని అడగండి, తర్వాతివేవీ వాళ్ళ లెక్కలో లేవు. వాళ్ళకు "రెండంగుళాలే" ఆల్బం, మిగతావి పాటలు. దాన్ని వాళ్ళు చదివినట్టు ఎవరూ పరీక్షలకు కూడా చదివి ఉండరు. ప్రతి చరణం సరిగ్గా నలభై సెకన్లే ఎందుకుంటుందంటే, లిఫ్టు ఎనిమిదో అంతస్తుకు చేరడానికి పట్టే సమయం అది, అని కనిపెట్టారు. మూడో పాటలో ఒకచోట ఊపిరి తీసుకుంటాడు చూడండి, అది ఐదో అంతస్తు, అన్నారు. పేరుపాటలో వినిపించే ఆ కిర్రు పాత లిఫ్టు తలుపు చప్పుడని, బీదవాడి గుండె మూలుగని రెండు వర్గాలై తన్నుకున్నంత పనిచేశారు. స్టూలు గురించి తెలిసిన ఒకే ఒక్క మనిషి నోరు మెదపలేదు. లైబ్రరీ హాల్లో పదకొండు మందే ఉన్నారన్నది కూడా వాళ్ళకు తెలుసు. అయితే ఆ పదకొండు మందిలో తానూ ఉన్నానని చెప్పేవాళ్ళు ఇప్పుడు మూడొందల దాకా తేలారు.

అట్టమీది ఫోటో సంగతి సరేసరి. లిఫ్టు తన లిఫ్టులోని పై ఊచను కుడిచేత్తో పట్టుకుని గాల్లో వేలాడుతుంటాడు. మొహంలో బాధ, పళ్ళు బిగించి ఉంటాయి. వ్యవస్థ మనిషిని ఒంటిచేత్తో వేలాడదీసిందని దానికి అర్థం చెప్పారు. వందల మంది కుర్రాళ్ళు అలాగే వేలాడుతూ ఫోటోలు తీయించుకున్నారు.

చొక్కా ఎడమ చెయ్యి రెండంగుళాలు కత్తిరించుకోవడం ఎప్పుడు మొదలైందో తెలియదు కానీ, ఒక దశలో ఊళ్ళో సగం మంది ఎడమ మణికట్టు చూపిస్తూ తిరిగారు. ఎదురు వీధి టైలరు "రెండంగుళాల చెయ్యి కుట్టబడును" అని బోర్డు కూడా పెట్టాడు. మాస్టారికి మాత్రం బజారుకెళితే చాలు, తన తప్పే నడిచి వస్తున్నట్టుండేది. ఒకటి కాదు, రెండు కాదు, వందలు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, ఎవరు మణికట్టు చూపినా ఆయన తల దించుకుని పక్క సందులోకి తిరిగేవారు.

అలా కుట్టమని ఎంతమంది వచ్చినా ఒక్కటే జవాబు. "నా దగ్గర రెండు చేతులూ సమానంగానే కుడతాను, ఇష్టమైతే ఉండు, లేకపోతే ఎదురు వీధికి పో." అభిమానులు దానికీ అర్థం చెప్పుకున్నారు. ఆ కొలత ఒక్కడి కోసమే పుట్టింది, ఇంకొకరికి కుట్టను అని మాస్టారు ఒట్టు పెట్టుకున్నారట! సిగ్గుతో ముడుచుకున్న మనిషిని తీసుకెళ్ళి త్యాగమూర్తుల వరసలో కూర్చోబెట్టారు. అంతకంటే ఘోరమైన శిక్ష ఏ కోర్టూ వేయలేదు.

ఆల్బంకు ఇరవై ఏళ్ళు నిండుతున్నాయనగా కండక్టరమ్మ వచ్చింది. ఆమె సిటీ బస్సు కండక్టరు, అభిమాన సంఘానికి పెద్ద. వాన పడి హాల్లోకి వచ్చిన ఇద్దరిలో ఆమె ఒకరు. అంటే, పదకొండు మందిలో నిజంగానే ఉన్న మనిషి. యూనిఫారం చొక్కా ఎడమ చెయ్యి కూడా రెండంగుళాలు పైకే కుట్టించుకుంది. డిపోలో రెండుసార్లు మెమో ఇచ్చినా మార్చలేదు.

"మాస్టారూ, సభ పెడుతున్నాం. అదే లైబ్రరీ హాలు. కొత్త కోటు మీరే కుట్టాలి, ఆయన వేసుకుని మొత్తం ఆల్బం పాడతాడు. మీరు ముందు వరసలో కూర్చోవాలి, నా పక్కన."

"నాకు వీలుపడదమ్మా, మోకాళ్ళు."

"మోకాళ్ళకు కుర్చీ వేస్తాం. మాస్టారూ, ఆయన నాలుగేళ్ళుగా కొత్త పాట రాయలేదు. ఎవరితోనూ కలవడు. మీ పేరు చెప్పాకే వస్తానన్నాడు. కాదనకండి."

కాదనలేకపోయారు. కాజాల దగ్గర నుంచి దారం తెగిన చప్పుడు వినిపించింది.

రెండు రోజులకు లిఫ్టు కొలతలకు వచ్చాడు. నలభై రెండేళ్ళు, బొజ్జ, చెంపల దగ్గర నెరుపు. ఎడమ చొక్కా చెయ్యి ఒక మడత పైకి మడిచి ఉంది. దుకాణం నలుమూలలా చూసి, "ఆ తెర అదేనా మాస్టారూ?" అన్నాడు. అదేనన్నారు మాస్టారు. మెడలోంచి టేపు తీశారు. అది ఆనాటి కాలిన టేపు కాదు, సున్నా నుంచి మొదలయ్యే టేపు. మొదటి కోటు తప్పిన ఆ ఆదివారం మర్నాడే కొన్నారు దాన్ని, ఎవరూ చెప్పకుండా.

"కొలతలెందుకు మాస్టారూ, పాతవే వేసేయండి" అన్నాడు లిఫ్టు, ఒకడుగు వెనక్కి వేసి.

"పాతవి ఎలా వేస్తాను? పొట్ట చూసుకున్నావా?"

"పొట్ట కొలవండి. చేతులొద్దు."

 తెలిసిపోయిందన్నమాట. ఇరవై ఏళ్ళుగా ఎదురుచూసిన రోజు ఇదే. స్టూలు పట్టుకుని కూర్చున్నారు. తిట్టు కోసం తల వంచారు.

తిట్టు రాలేదు. లిఫ్టు తెర పక్కన గోడకు ఆనుకుని, నేలచూపులు చూస్తూ మొదలుపెట్టాడు.

"మీ దగ్గర దాచనెందుకు? నా చేతులు రెండూ సమానం మాస్టారూ."

మాస్టారు టేపు చుట్టి బల్ల మీద పెట్టారు.

"నాలుగేళ్ళ కింద మా పాపకు బడిలో కొలతల పాఠం ఇచ్చారు. ఇంట్లోవాళ్ళ చేతులు కొలిచి రాసుకురమ్మన్నారు. స్కేలు పెట్టి కొలిచింది. సమానమొచ్చింది. మళ్ళీ కొలువమ్మా అన్నాను. మూడుసార్లు కొలిచింది. సరే, నేను కుడిచేత్తో వేలాడాను కదా, సాగి సమానమైందేమో అనుకున్నా."

"వేలాడటమేంటి?"

"అట్టమీద ఫోటో చూళ్ళేదా? మీరు చెప్పిన రోజు ఇక్కడ నవ్వాను కానీ, ఇంటికెళ్ళి ఏడ్చాను. మర్నాటి నుంచి రోజూ పొద్దున్నే లిఫ్టు ఊచ పట్టుకుని కుడిచేత్తో వేలాడేవాణ్ణి, అదీ పొడుగవుతుందని. నాలుగేళ్ళు వేలాడాను. ఫోటోవాడు అది చూసి తీశాడు." లిఫ్టు ముక్కు ఎగబీల్చాడు. "పాప కొలిచాక డాక్టరు దగ్గరికి వెళ్ళాను. ఎముకలు అలా సాగవయ్యా అని నవ్వాడు. అంటే మొదటి నుంచీ సమానమే. మీ టేపేదో పొరబడి ఉంటుంది, మీ తప్పు కాదు. కానీ నాకు తెలిశాక కూడా నాలుగేళ్ళుగా నోరు మూసుకున్నా చూడండి, అది నా తప్పు. వాళ్ళందరూ చేతులు కత్తిరించుకుని తిరుగుతుంటే ఏ మొహం పెట్టుకుని పాట రాయను? కలం పట్టుకుంటే చెయ్యి కనిపిస్తుంది, చెయ్యి చూస్తే అబద్ధం కనిపిస్తుంది."

ఇక్కడ మాస్టారు చెప్పాల్సింది ఒక్క వాక్యం. నాలుగైదు మాటలు. దుకాణంలో లెక్కల టీచరు కూడా లేడు, ఆయన పోయి ఆరేళ్ళయింది. ఎదురుగా ఉన్న మనిషి తప్పంతా తన నెత్తిన వేసుకుని, పైగా టేపు మీదకు తోసి మాస్టార్ని గట్టున పడేశాడు. గట్టు పొడిగా, సుఖంగా ఉంది. మాస్టారు గట్టు మీదే ఉండిపోయారు.

"ఈసారికి కూడా ఎడమ చెయ్యి రెండంగుళాలు తక్కువే కుట్టండి" అన్నాడు లిఫ్టు, మాస్టారి చెయ్యి పట్టుకుని. "ఎవరికీ చెప్పకండి. మీకు అబద్ధం అలవాటు లేదని తెలుసు. నా కోసం, ఈ ఒక్కసారికి."

"సరే" అన్నారు మాస్టారు. ఆ మాట ఆయన చెవులకే ఇంకెవరో అన్నట్టు వినిపించింది.

లిఫ్టు వెళ్ళాక మాస్టారు టేపు మళ్ళీ మెడలో వేసుకున్నారు. గోడవార నుంచి భార్య మాట వచ్చింది.

"అబద్ధం అలవాటు లేదట!"

మాస్టారు ఉలిక్కిపడ్డారు. "నీకేం తెలుసని?"

"ఆ కోటుకి లైనింగు కుట్టిందెవరు? ఒక చేతికి సరిపోయిన లైనింగు, ఇంకో చేతికి రెండంగుళాలు మిగిలితే నాకు తెలీదా?"

"అప్పుడే తెలుసా? మరి అప్పుడే అనలేదేం?"

"మీరే చెబుతారేమో అని చూశాను."

"ఇరవై ఏళ్ళా?"

"కాజాలు కుట్టేదాన్ని. నాకు ఓపిక ఎక్కువ" అని, ఆవిడ లేచి వెళ్ళి పెట్టె అడుగు నుంచి ఒక పాత పుస్తకం, ఒక చుట్ట తెచ్చి బల్ల మీద పెట్టింది. పుస్తకం ఆనాటి కొలతలది. చుట్ట రెండు నుంచి మొదలయ్యే టేపు. మాస్టారు దాన్ని ఏనాడో పారేశారు. ఆవిడ మాత్రం చెత్తబుట్టలోంచి తీసి దాచింది. "పాపం ఆ పిల్లాడు నాలుగేళ్ళు ఊచ పట్టుకు వేలాడాడండీ" అంది. ఈసారి దారం తెంపలేదు. దారం తెంపి ఉంటేనే బాగుండేదనిపించింది మాస్టారికి.

కోటు కుట్టడానికి పది రోజులు పట్టింది. అదే రంగు గుడ్డ, ఈసారి కావలసినంత. మాస్టారు మడత పెట్టి, రెండు చేతులూ ఒకేసారి కత్తిరించారు. కత్తెర పెట్టే ముందు సుద్ద గీతను మూడుసార్లు కొలిచి చూసుకున్నారు. కత్తెర పట్టిన నలభై ఏళ్ళలో ఆయన గీసిన గీతను మళ్ళీ కొలవడం అదే మొదలు.

సభ రోజు సాయంత్రం హాలు కిటకిటలాడింది. కుర్రాళ్ళుగా ఆల్బం విన్నవాళ్ళంతా ఇప్పుడు బట్టతలలూ, కళ్ళజోళ్ళూ, పిల్లల్ని చంకనేసుకున్న తల్లులూ. అయినా ఎక్కడ చూసినా బయటికొచ్చిన ఎడమ మణికట్లే. ముందు వరసలో ఇద్దరు పెద్దమనుషులు ఆ పదకొండు మందిలో నువ్వెక్కడ కూర్చున్నావంటే నువ్వెక్కడ కూర్చున్నావని వాదించుకుంటున్నారు. ఇద్దరూ ఒకే కుర్చీ చెప్పారు.

స్టేజీ వెనక చిన్న గదిలో మాస్టారు కోటు సంచీలోంచి తీసి పట్టుకున్నారు. లిఫ్టు కుడిచెయ్యి దూర్చాడు, ఎడమ చెయ్యి దూర్చాడు. అద్దంలో చూసుకున్నాడు. రెండు చేతులూ మణికట్టు ఎముక దగ్గరే, చక్కగా, ఒక్క గీతలా ఆగాయి.

"ఇదేంటి మాస్టారూ? చెప్పాను కదా."

"చెప్పావు." మాస్టారు జేబులోంచి పాత పుస్తకం తీసి, పేజీ తెరిచి, అద్దం ముందు పెట్టారు. మసకబారిన పెన్సిలు అక్షరాలు. కుడి ఇరవై నాలుగు, ఎడమ ఇరవై నాలుగు. దాని మీద పాత టేపు పెట్టారు. "టేపు పొరబడలేదు. ఇది రెండు నుంచి మొదలవుతుంది. ఎడమ చెయ్యి గీసేటప్పుడు ఆ రెండు కలపడం నేను మరిచిపోయాను. నువ్వు అడిగిన క్షణానికే నాకు తెలుసు. టీచరు ముందు పరువు పోతుందని నీ చెయ్యి పొడుగన్నాను." పుస్తకం ఇంకాస్త ముందుకు జరిపారు. "మొన్న నువ్వు నీ తప్పన్నప్పుడు కూడా ఊరుకున్నాను. అది ఇంకా పెద్దది."

లిఫ్టు టేపు మొదటి అంకె మీద వేలు పెట్టి చూశాడు. బయట జనం తాళం మొదలుపెట్టారు. ఎనిమిది దెబ్బలు, విరామం, ఎనిమిది దెబ్బలు. మాస్టారు తన చెప్పుల కేసి చూసుకున్నారు. ఒక చెప్పు పట్టీ ఊడి ఉంది.

"నాలుగేళ్ళు మాస్టారూ" అన్నాడు లిఫ్టు చివరికి. "భుజం పట్టేసేది. అన్నం ఎడమచేత్తో తినేవాణ్ణి."

"తెలుసు. అంటే, తెలీదు. మొన్న తెలిసింది."

"మీ ముందు కూర్చుని ముప్ఫై ఒక్కసార్లు పాడాను."

"లెక్కపెట్టాను."

లిఫ్టు మొహంలో కోపం వచ్చింది, నిలబడింది, ఏం చేయాలో తెలియనట్టు కాసేపు తిరిగింది. తర్వాత ఎడమ చెయ్యి పైకెత్తి దించి చూసుకుని, "చంక దగ్గర కాస్త బిగువుగా ఉంది" అన్నాడు. మాస్టారు గబగబా చంక కింద రెండు కుట్లు వదులు చేశారు. లిఫ్టు బొత్తాలు పెట్టుకుని, పాత టేపు తీసి మెడలో వేసుకుని బయటికి నడిచాడు. క్షమించానని అనలేదు. మాస్టారు అడగనూ లేదు.

మాస్టారు వెళ్ళి కండక్టరమ్మ పక్కన కూర్చున్నారు. రెండో వరసలో ఆయన భార్య. వెలుతురు పడింది. చప్పట్లు మొదలై, లిఫ్టు మైకు పట్టుకోగానే సగంలో సన్నగిల్లాయి. గుసగుసలు వరసల్లో పాకాయి. ఎక్కడో ఒక పెద్దాయన "మణికట్టేదీ?" అని గట్టిగానే అడిగాడు.

లిఫ్టు పాడలేదు. మెడలోని టేపు రెండు చేతులతో పట్టుకుని, మైకు దగ్గరికి వంగి, "చేతుల సంగతి నన్నడక్కండి, మాస్టార్ని అడగండి. ముందు వరసలోనే ఉన్నారు" అన్నాడు.

మూడొందల తలలు తిరిగాయి. మాస్టారికి కుర్చీ కింద దూరాలనిపించింది కానీ, మోకాళ్ళు నిజంగానే సహకరించలేదు. కండక్టరమ్మ లేచి నిలబడింది. బస్సులో టిక్కెట్టు లేనివాణ్ణి దింపే గొంతుతో అడిగింది.

"ఏంటి మాస్టారూ ఇది! ఇరవై ఏళ్ళుగా మేమంతా ఇలా తిరుగుతున్నాం, ఇవాళ తీరా చూస్తే ఎడమ చెయ్యి రెండంగుళాలు ఎక్కువ కుట్టేశారు!"

మాస్టారు లేచారు. వెనక వరసలో దారం తెగిన చప్పుడేమైనా వస్తుందేమోనని ఒక్క క్షణం ఆగారు. రాలేదు.

"మార్పులు ఉచితమని బోర్డు పెట్టానమ్మా, వెంటనే చేస్తానని పెట్టలేదు" అన్నారు.